ఊరికే నడక

తాడేపల్లి,
24–3–1985.

మరదలు బాలత్రిపురసుందరికి,
వదిన దుర్గాంబ దీవెనలు.

నీమీద బెంగగా ఉండి ఇన్నాళ్ళకి కలం పట్టాను. నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. అమ్మ మాసికాల్లో ఒక్కదానికీ రాలేదని మా తమ్ముడు శేషాచలం కూడా గుర్రుగా ఉండి ఉంటాడు. ఏం చెయ్యనే, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. బస్సెక్కితే దిగలేను, దిగితే ఎక్కలేను. మీ అన్నయ్యగారూ నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం.

అసలు సంగతికి వస్తాను. ఎనిమిదేళ్ళు మా అమ్మని మంచం మీద పెట్టుకుని చూశావు. కన్నకూతుర్ని నేను. పండక్కో పబ్బానికో వచ్చి, నాలుగు రోజులు పక్కన కూచుని, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయాను. చేసిందంతా నువ్వే. ఆవిడ పోయి మూడు నెలలు దాటింది, ఇప్పుడైనా నడుం వాల్చాలా వద్దా? వచ్చే నెలలో బడికి సెలవులిస్తారు. మా తమ్ముడు పంతులుగారు ఓ నెల తన అన్నం తను వండుకుంటే కొంపేం మునగదు. నువ్వొచ్చి నా దగ్గరుండు.

వస్తే రోజూ పొద్దున్నే నడకకి వెళ్దాం. మెట్టా పల్లమా ఏమీ లేని నడక. మన వీధి చివర రైలు గేటు దాటితే కాలవగట్టు. గట్టు మీద పోతుంటే ఎడం పక్కంతా పూలతోటలే. ముందు మల్లెలు. మొగ్గలు కోసేవాళ్ళు తెల్లారకముందే మడుల్లోకి దిగుతారు, మనం వెళ్ళేసరికి బుట్టలు నిండిపోయి ఉంటాయి. తర్వాత కనకాంబరాలు, ఆ తర్వాత మరువం. మరువం మడి పక్కనుంచి పోతే చీర కుచ్చెళ్ళకి కూడా వాసన అంటుకుంటుంది. అది దాటామా, డిసెంబరాలు. అబ్బ, ఆ మడి చూడాలే సుందరీ! ఊదారంగు చీర తెచ్చి నేలంతా ఆరేసినట్టుంటుంది. ఆ చివర కాలవ బంగళా ఉంది. దొరలెవరూ దిగరిప్పుడు. చుట్టూ నిద్రగన్నేరు చెట్లు, కింద పచ్చిక, సిమెంటు బెంచీలు. ఆ బెంచీ మీద కాసేపు కూచుని, ఎవరికీ ఏదీ అందించకుండా, ఎవరూ పిలవకుండా, ఊరికే వెనక్కి వచ్చేద్దాం.

కాదనకు. తమ్ముడికి కూడా చెప్పు, అక్క రమ్మందని.

నీ వదిన,
దుర్గాంబ.


అద్దంకి,
31–3–1985.

వదినగారికి సుందరి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ఒకసారి మీ తమ్ముడికి వినిపించాను. "అక్క ఉత్తరం రాసిందంటే చెట్టూ పుట్టా కళ్ళముందుకొస్తాయి" అన్నారు. మాసికాల కోపం ఆ నడకలో కొట్టుకుపోయినట్టుంది, మీ పేరెత్తితే మొహం చిట్లించడం మానేశారు.

నా సంగతి ఏం రాయను? అలసటగా ఉంది వదినా. పని ఉన్నన్నాళ్ళూ అలసట తెలియలేదు. పని పోయాక వచ్చి పడింది. ఇప్పటికీ తెల్లవారుజామున అత్తయ్యని పక్కకి తిప్పే వేళకి మెలకువ వచ్చేస్తుంది. లేచి మంచం దగ్గరికి వెళ్తాను. అక్కడ మంచం లేదు, అటకెక్కించాం. ఇంక చెయ్యడానికేమీ ఉండదు, మళ్ళీ నిద్రా పట్టదు.

ఊళ్ళోవాళ్ళు మాత్రం "ఇప్పుడు తీరికేగా సుందరమ్మా" అంటారు. ఆ ఒక్క మాట అనేసి ఒకరు అప్పడాలొత్తడానికి పిలుస్తారు, ఒకరు పసిపిల్లని నా ఒళ్ళో పడేసి సినిమాకి పోతారు. డాక్టరు జయరావుగారికి చూపించుకున్నాను. "రోగమేమీ లేదమ్మా, బాగా అలిసిపోయారు, రోజూ పొద్దున కాస్త నడవండి" అన్నారు. అలిసిపోయినవాళ్ళని ఇంకా నడవమంటారేమిటండీ అంటే నవ్వి, మందులు రాయబోయిన చీటీ చింపేశారు.

పొలాల వైపు చిన్న పనొకటి పెట్టుకుని రోజూ పొద్దున్నే వెళ్ళొస్తున్నాను. మీ పూలతోటలంత అందం ఏముంటుంది ఇక్కడ? మిరపకళ్ళాలు. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసి ఉంటాయి, గాలి ఇటు తిరిగిందంటే తుమ్ములే తుమ్ములు. పత్తికట్టె పీకి మోపులు కడుతున్నారు. పీకిన చేలల్లో నల్లరేగడి నెర్రెలిచ్చి, చెయ్యి పెడితే మోచేతి దాకా పోయేట్టుంది. కానీ పొద్దున పూట చల్లగా ఉంటుంది. డొంక దాటితే గుండ్లకమ్మ ఇసక. చెప్పులు విప్పి ఆ ఇసకలో నాలుగడుగులు వేస్తే ఒంట్లో వేడంతా కిందికి దిగినట్టుంటుంది. ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవని చోటు అదొక్కటే.

మీ దగ్గరికి రావాలనే ఉంది. ఒట్టు. ఆ ఊదారంగు మడి పక్కన నిలబడాలనుంది. మా అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక నాకంటూ ఎక్కడికీ వెళ్ళింది లేదు. సెలవులివ్వనీండి, మీ తమ్ముణ్ణి కదిపి చూస్తాను. అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈసారి ఆయన ఒక్క ముక్కైనా రాయలేదేం? ఎప్పుడూ అంచున రెండు వరుసలు గిలికేవారు.

సుందరి.


తాడేపల్లి,
9–4–1985.

సుందరికి దుర్గాంబ దీవెనలు.

ఓసి దొంగా! పొలాల వైపు చిన్న పని అని రాస్తే ఏమిటో అనుకున్నాను. నీ గుట్టు నాకు తెలిసిపోయింది. మీ పక్కింటి కోటేశ్వరమ్మ తన కూతుర్ని చూడ్డానికి ఇక్కడికి వచ్చింది కదా, మొన్న మా ఇంటికీ వచ్చి వెళ్ళింది. అరుగు మీద కూచోబెట్టి మజ్జిగిచ్చాను. నీ మాటే మాట ఆవిడకి. "రోజూ తెల్లారేసరికి సుందరమ్మగారు నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని డొంక వైపు పోతుందండీ. ఎవరో దిక్కులేని ముసలమ్మకి అన్నం పెట్టొస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఎవరికి పెడుతోందో నోరు విప్పి చెప్పదు. మహాతల్లి!" అని చేతులెత్తి దణ్ణం పెట్టింది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయే. మా అమ్మకి చేసిన చేతులు ఊరుకుంటాయా మరి? ఇంకొకరికి చెయ్యకపోతే నీకు తోచదు. మనిషికి ఆ గుణం పుట్టుకతో రావాలి, నేర్చుకుంటే వచ్చేది కాదు. ఎవరే ఆ ముసలమ్మ? నాకైనా చెప్పవా?

సరే, నువ్వెలాగూ బయటివాళ్ళకే ఇంత చేస్తున్నావు కనక అడుగుతున్నాను. మీ అన్నయ్యగారికి ఒంట్లో కాస్త నలతగా ఉంది. కంగారు పడేదేమీ లేదు. నువ్వొచ్చి పక్కన ఉంటే నాకు ధైర్యం. నీ చేత్తో జావ కాచి ఇస్తే తాగుతారు, నేను కాస్తే వంకలు పెడుతున్నారు. నువ్వు ఎలా కూచోబెడతావో, ఎలా పట్టుకుంటావో నేను కూడా చూసి నేర్చుకోవచ్చు. సెలవులిచ్చే దాకా కూడా ఎందుకు, ముందే బయల్దేరకూడదూ? ఆ ముసలమ్మని ఎవరికైనా అప్పజెప్పి రా.

నడకకి కూడా వెళ్దాంలే, అదెక్కడికి పోతుంది.

దుర్గాంబ.


అద్దంకి,
15–4–1985.

వదినగారికి,

క్యారేజీలో ఏమీ లేదండీ. నాలుగు గిన్నెలూ ఖాళీ.

ముసలమ్మా లేదు, ముతకమ్మా లేదు. డాక్టరు నడవమన్నాక మొదటిరోజు ఒట్టి చేతులతో బయల్దేరాను. మన వీధి దాటేలోపు ముగ్గురు ఆపారు. "ఎక్కడికండీ?" "ఎక్కడికీ లేదు, ఊరికే." "ఊరికేనా?" అని మొహంలో మొహం పెట్టి చూశారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పంతులుగారు ఏమన్నా అన్నారా అమ్మా?" అని గుసగుసగా అడిగింది. డొంక దగ్గర అంకమ్మరావు అరక వదిలేసి నా వెనకాలే రావడం మొదలెట్టాడు. నేను ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు. బావి ఉన్న చేను దాటిందాకా వచ్చి, అప్పుడు చెప్పాడు. "ఏమీ అనుకోబాకండమ్మా. ఆడమనిషి పొద్దున్నే పనేమీ లేకుండా బావి వైపు పోతుంటే మాకు కాళ్ళాడతయ్యా?"

విన్నారా వదినా? మన దగ్గర ఆడది ఊరికే నడిచిందంటే చావడానికి పోతోందనుకుంటారు. మర్నాడు క్యారేజీ చేతపట్టుకుని బయల్దేరాను. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అంకమ్మరావు కూడా చెయ్యెత్తి దణ్ణం పెట్టి అరక తోలుకున్నాడు. ఖాళీ గిన్నెలు గలగలమంటున్నాయని పాతగుడ్డ చింపి మధ్యలో కుక్కాను. అదీ నా సేవ. ఊరు నన్ను మహాతల్లిని చేస్తుంటే నోరు మూసుకుని ఊరుకోవడం ఒక్కటే నేను చేసింది.

ఆ గుణం పుట్టుకతో రావాలన్నారు మీరు. నాకు ఒళ్ళు మండింది. పుట్టుకతో రాలేదండీ. అత్తయ్యకి మీరు చెయ్యలేదు, మీ తమ్ముడు చెయ్యలేదు, చెయ్యడానికి ఇంకెవరూ లేరు, అందుకు చేశాను. ఇష్టంతో చేశానా, తప్పక చేశానా అంటే నాకే తెలీదు. అత్తయ్యని తిప్పేటప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కేది, కావాలని చేస్తోందని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఇదీ నేను. మీరనుకున్న మనిషిని కాదు.

ఇప్పుడు మీ సంగతి. కోటేశ్వరమ్మ తిరిగొచ్చింది. ఆవిడకి తెలిసి చెప్పలేదు గానీ, మాటల్లో అంది. "పాపం దుర్గాంబగారు లోపలికి రానివ్వలేదు, తలుపు దగ్గరగా వేసుకునే మాట్లాడింది. వస్తూ సందులోంచి చూస్తే పెరట్లో దండెం మీద నల్లటి రబ్బరు షీటొకటి ఆరేసుంది, అది ఎందుకబ్బా?" అని. ఎందుకో నాకు తెలుసండీ. ఎనిమిదేళ్ళు రోజూ కడిగి ఆరేశాను.

ఆవిడ వెళ్ళగానే మీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. మోకాళ్ళనొప్పులతో బస్సెక్కలేని మనిషి కాలవ బంగళా దాకా ఎలా నడుస్తోంది? పోనీ అదలా ఉంచండి. డిసెంబరు పూలు మార్చి ఆఖర్లో ఎక్కడ పూస్తాయి వదినా? మొదట చదివినప్పుడు నాకూ తట్టలేదు, సంతోషంలో. ఆ మడి మీరు చూసింది ఎప్పుడో చలికాలంలో. అప్పట్నించీ మీరు ఇల్లు కదల్లేదు.

అన్నయ్యగారికి ఏమైంది? నలత అని రాయకండి. ఏమైందో అది రాయండి. నడకని ఎరగా వేసి పిలిచారు చూడండి, దానికే నాకు ఎక్కువ బాధగా ఉంది. రోగిని చూడ్డానికి రమ్మంటే తిట్టుకుంటూనో ఏడుస్తూనో వచ్చేదాన్నేమో. ఇప్పుడు మాత్రం రాను. నా చేతులు కొన్నాళ్ళు ఖాళీగా ఉండనివ్వండి అని అడుగుతున్నాయి, ఈ ఒక్కసారి వాటి మాట వింటాను.

సుందరి.


తాడేపల్లి,
20–4–1985.

సుందరీ,

నువ్వు పట్టుకున్నవన్నీ నిజమే.

అమ్మ పన్నెండోరోజు అయ్యి ఇంటికొచ్చిన వారానికి ఆయన స్నానానికని లేచి గుమ్మం దగ్గర కూలబడిపోయారు. పక్షవాతం. ఎడమ పక్కంతా పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, సగం నాకే అర్థం కాదు. గుంటూరు పెద్దాసుపత్రిలో పది రోజులుంచి, ఇంక ఇంట్లోనే చూసుకోమన్నారు. రైల్వే గుమాస్తాగా నలుగురి మీదా కేకలేసిన మనిషి, ఇప్పుడు దాహమేస్తే అడగలేక ఏడుస్తారు.

మీకు రాయలేదు. ఏ మొహం పెట్టుకుని రాయను? ఎనిమిదేళ్ళు మా అమ్మ బరువు నీమీద వేసి, అది దిగిన వారానికే నా మొగుడి బరువు కూడా మోయమని రాయనా? మాకా పిల్లలు లేరు. తమ్ముడికి తెలిస్తే వాడు నిన్నే పంపుతాడు. మగవాళ్ళకి తెలిసిన ఉపాయం అదొక్కటేగా. అందుకని మోకాళ్ళ మీదకి నెట్టేశాను. మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

నడక గురించి రాసింది ఎర కాదే. నువ్వు నమ్మినా నమ్మకపోయినా చెప్తాను. ఆయన మంచం పక్కన కూచుని రాశాను ఆ ఉత్తరం. రాస్తున్నంతసేపూ నడిచినట్టే ఉంది. నువ్వూ నేనూ ఆ బెంచీ మీద కూచున్నట్టే ఉంది. నిన్ను నిజంగానే పిలిచాను. పిలుస్తూ పిలుస్తూ, వస్తే ఓ చెయ్యి వేస్తుందిలే అని కూడా అనుకున్నాను. సగం నీ కోసం, సగం నా కోసం. ఏ సగం పెద్దదో అడగకు. క్యారేజీ మాట వినేసరికి ఆశ పెరిగిపోయి సిగ్గు విడిచి అడిగాను.

నాలుగు నెలలు కావస్తోంది నేను వీధి గుమ్మం దాటి. ఎందుకంటావా? నేను కనిపించకపోతే ఆయన కుడిచేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలెడతారు. పాలు పోయించుకోవడానికి వెళ్తే కొడతారు. పెరట్లోకి వెళ్తే కొడతారు. వెళ్ళేసరికి కళ్ళు పెద్దవి చేసి, చెమటలు కారుతూ ఉంటారు. వదిలేసి పోతానని భయం కాబోలు. ఎలా చెప్పినా వినరు. పూలబుట్టలు నెత్తిన పెట్టుకుని తోటలవాళ్ళు స్టేషనుకి పోతుంటే కిటికీలోంచి మరువం వాసన వస్తుంది. అంతే నా నడక. మొన్నొకసారి ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా అదిమి, "చాలు, ఆపండి" అని అరిచాను. తర్వాత నాకే భయం వేసింది, ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే ఏం చేస్తానోనని.

నువ్వు రావద్దు సుందరీ. కోపంతో రాయడం లేదు. నీ చేతుల మాట నువ్వు విన్నావు, మంచిపని చేశావు. క్యారేజీ పట్టుకునైనా సరే, రోజూ నడువు. తమ్ముడికి ఈ ఉత్తరం చూపించకు.

దుర్గాంబ.


అద్దంకి,
28–4–1985.

వదినా,

చూపించాను. చూపించడమేమిటి, కూచోబెట్టి మొత్తం చదివి వినిపించాను. "తమ్ముడికి తెలిస్తే నిన్నే పంపుతాడు" అన్న ముక్క రెండుసార్లు చదివాను.

కళ్ళు తుడుచుకున్నారు. "పాపం అక్క. పాపం బావ" అన్నారు. అంతలోనే మీరన్నంత పనీ చేశారు. "అయితే సుందరీ, నువ్వు ఎప్పుడు బయల్దేరతావు?"

"మీరు ఎప్పుడు బయల్దేరతారు?" అన్నాను.

"నేనా? నేను వెళ్ళి ఏం చెయ్యను? నాకేం చాతనవుతుంది?"

"బడికి సెలవులు. అరుగు మీద కూచుని పేపరు చదవడం తప్ప మీకేం పనుంది? మీ బావగారు భారీ మనిషి. ఆయన్ని లేవనెత్తాలంటే మగాడి రెక్కలు కావాలి."

"నాకు తెలీదే ఆ పనులు."

"నేర్పుతాను" అన్నాను. అటక మీద నుంచి మంచం దింపించాను. నేనే ఎక్కి పడుకున్నాను. "నేను మీ బావని. ఎడమ పక్క పనిచెయ్యదు. తిప్పండి" అన్నాను.

చూడాలి వదినా మీ తమ్ముణ్ణి! పంచె ఎగ్గట్టి, ఊపిరి బిగబట్టి, రోకలిబండ దొర్లించినట్టు దొర్లించబోయారు. గోడకి కొట్టుకున్నాను. "మీ బావగారైతే ఈపాటికి పోయేవారు" అన్నాను. ఇద్దరం నవ్వలేక చచ్చాం. మళ్ళీ చెప్పాను. మోకాలు ముందు మడవాలి, ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద. అన్నిటికన్నా ముందు నోటితో చెప్పాలి, తిప్పుతున్నానని. "చెప్పకుండా తిప్పితే గుండె జారిపోతుంది" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, అత్తయ్యకి నేనెన్నిసార్లు చెప్పి తిప్పానో నాకే గుర్తు రాలేదు.

నాలుగోసారి ఆయన సరిగ్గా వంగి, "సుందరీ, తిప్పుతున్నాను" అన్నారు. తిప్పారు. మంచం అంచు కళ్ళముందుకి వచ్చి కింద నేల కనిపించేసరికి పడిపోతాననిపించింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. చూస్తే నా గోళ్ళు ఆయన చేతిలో దిగి ఉన్నాయి.

వదినా, అత్తయ్య కావాలని చెయ్యలేదు. భయం. అంతే. ఎనిమిదేళ్ళు రోజూ భయపడింది, నేను రోజూ తిట్టుకున్నాను. మంచం మీద అలాగే పడుకుని భోరుమని ఏడ్చాను. మీ తమ్ముడు బెదిరిపోయి, "నొప్పెట్టిందా?" అంటారు. నొప్పి కాదు, నన్ను అలా ఎవరైనా రెండు చేతులూ వేసి పట్టుకుని ఎన్నేళ్ళయిందో అన్నాను. ఆయన నా తలకింద దిండు సర్ది, దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేశారు. సాయంత్రం దాకా నిద్రపోయాను. లేచేసరికి అన్నం వార్చి ఉంది. మెతుకు మెతుకూ అతుక్కుపోయింది. అయినా తిన్నాను.

గురువారం బస్సుకి ఇద్దరం వస్తున్నాం. అన్నయ్యగారికి చెయ్యడానికి ఆయన. బడి తెరిచే దాకా అక్కడే ఉంటారు. నేను మాత్రం చెయ్యడానికి రావడం లేదు, ముందే చెప్తున్నా. జావ కాయను. రబ్బరు షీటు ముట్టుకోను. మీ తమ్ముడికి తెలియనిదేమైనా ఉంటే గుమ్మంలో నిలబడి నోటితో చెప్తాను. పొద్దున్నే మిమ్మల్ని బయటికి లాక్కుపోతాను. అన్నయ్యగారు పట్టె మీద కొట్టినా సరే. ఆయన భయం నిజమే, కాదనను. మీరు ఆ గదిలో పిచ్చెక్కిపోతే ఆయనకి దక్కేదెవరు?

సుందరి.


తాడేపల్లి,
8–6–1985.

సుందరికి,

నువ్వు వెళ్ళి పదిరోజులు దాటింది. "మొగుడూ అత్తా ఎవరూ లేని ఇల్లు నా జన్మలో చూళ్ళేదు, ఓ పదిహేను రోజులు చూస్తా" అని బస్సెక్కావు కదా, ఎలా ఉంది? పక్కింటివాళ్ళు పసిపిల్లని ఒళ్ళో పడెయ్యకుండా లోపల గడియ పెట్టుకో.

మన మొదటిరోజు నడక తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత గొప్పగా రాసిన తోటలు, తీరా వెళ్తే సగం మడులు బీడు. డిసెంబరాల చోట మట్టిగడ్డలు. కనకాంబరాలు ఎండకి వడిలి ఉన్నాయి. నువ్వు ఒక్క మాటైనా ఎత్తిపొడవలేదు. మరువం మడి గట్టు మీదే చతికిలబడ్డాం, బంగళా దాకా ఇద్దరికీ ఓపిక లేక. పూలు కోసేవాళ్ళు మనల్ని చూసి నవ్వుకున్నారు. నాకైతే ఒళ్ళంతా నీరసం, కళ్ళు మూతలు పడిపోయాయి, నీ భుజం మీద తలపెట్టి కునుకు తీశాను. ఇంటికొచ్చేసరికి ఆయన కొట్టి కొట్టి చెయ్యి ఎర్రగా వాచింది, తమ్ముడు చెమటలు కక్కుతూ పక్కన నిలబడ్డాడు. నేను అప్పుడే మానేద్దామన్నాను. నువ్వు వినలేదు. మర్నాడూ లాక్కుపోయావు.

తమ్ముడు బాగా చేస్తున్నాడు. ఇప్పుడు గోడకి కొట్టడం లేదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ, "బావా, ఇప్పుడు ఇటు తిప్పుతున్నాను. బావా, ఇప్పుడు కూచోబెడుతున్నాను" అని పాఠం చెప్పినట్టు చెప్తాడు. ఆయన కళ్ళల్లో ఆ బెదురు కాస్త తగ్గింది. అది చూసి నేను వెళ్ళేముందు చెప్పడం మొదలెట్టాను. ఇదివరకు చెప్తే ఏడుస్తారని నక్కి నక్కి జారుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుగా నిలబడి, "నేను కాలవగట్టుకి వెళ్తున్నాను, ఎండ ఎక్కకముందే వస్తాను" అంటున్నాను. మొదట్లో కొట్టారు. తర్వాత కాసేపు కొట్టి ఊరుకునేవారు.

వచ్చేవారం బడి తెరుస్తారు, తమ్ముడు వెళ్ళిపోతాడు. ఈయన దగ్గర ఇదివరకు పనిచేసిన పిచ్చయ్య పొద్దునపూట వచ్చి కూచుంటానన్నాడు. తిప్పడం, ఎత్తడం తమ్ముడు అతనికి చూపిస్తున్నాడు. మిగతా రోజంతా మళ్ళీ నేనే. అలసట పోతుందని నేననుకోవడం లేదు, నీకు అబద్ధం రాయను. పొద్దున ఆ కాసేపు నాది, అంతే.

ఇవాళ పొద్దున సంగతి చెప్పాలని ఈ ఉత్తరం. ఒక్కదాన్నే వెళ్ళాను. మరువం మడుల దాకా వెళ్ళి, కాస్త కూచుని, వెనక్కి వచ్చాను. తమ్ముడు ఆయన్ని దిండ్ల ఆసరాతో కూచోబెట్టి ఉన్నాడు. నన్ను చూసి ఏదో అన్నారు. అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి వంగితే మళ్ళీ అన్నారు. "ఎందాకా?"

"మరువం మడుల దాకా" అన్నాను. ఆ కుడిచెయ్యి పట్టె మీదే ఉంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి, ఇప్పుడు మొదలెడతారు అనుకుని.

కొట్టలేదు. చాలాసేపు పెదవులు కూడదీసుకున్నారు. "రేపు... బంగళా దాకా... వెళ్ళు" అన్నారు.

సుందరీ, నేను వంటింట్లోకి పోయి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రేపు బంగళా దాకా వెళ్తాను.

నీ వదిన,
దుర్గాంబ.